పేరున్న మనిషే రావాలి

భద్రాచలం నుంచి చర్ల వెళ్లే దారిలో మా కంపెనీకి ఒక కర్ర యార్డు ఉంది. రైతులు కొట్టించిన జామాయిల్ కర్ర అక్కడికి వస్తుంది. తొక్క తీసి, పేర్చి, లారీలకెక్కించి కాగితం మిల్లుకు పంపుతారు. నా ఉద్యోగం కంప్లయన్స్. అంటే చట్టాన్నీ కంపెనీ నిబంధనలనూ ఎవరైనా మీరుతున్నారేమో చూడటం, చూసినట్టు కాగితం మీద పెట్టడం. రెండో పని నాకు బాగా వచ్చు.

ఆ ఏడాది ఎండాకాలంలో హైదరాబాద్‌లో మాకు రెండు రోజుల వర్క్‌షాపు పెట్టారు, సంక్లిష్ట వ్యవస్థల గురించి. మోటారు పాడైతే విప్పి బాగుచేయొచ్చు కానీ పదిమంది కలిసి చేసుకునే పనిని అలా విప్పలేమని, ఒకచోట బిగిస్తే ఇంకెక్కడో ఊడుతుందని పాఠం చెప్పినాయన అన్నాడు. నిబంధనకు విరుద్ధమైనది ఏదైనా ఏళ్ల తరబడి నడుస్తుంటే వెంటనే ఆపొద్దు, ఎందుకు పుట్టిందో ముందు అడగండి, కొంచెం మార్చి ఏమవుతుందో చూడండి అన్నాడు. బుద్ధిగా రాసుకున్నాను. తిరిగొచ్చి మా ఆఫీసులో స్లైడ్లు వేసి మరీ చెప్పాను. చప్పట్లు కొట్టారు.

నెల తిరగకుండానే అలాంటిదే ఒకటి నా కంటపడింది. యార్డు కూలీల రిజిస్టరులో భద్రతా శిక్షణ పొందినట్టు రాసి ఉన్నది ఒకరి పేరు, కర్రల మీద నిలబడి ఉన్నది ఇంకొకరు. ఒక్కచోట కాదు, సగం పేర్లు అంతే. కూలీలను తెచ్చే మేస్త్రిని పిలిచి నిలదీశాను.

"గిండ్ల తప్పేమున్నది మేడం? పేరు మనిషిది కాదు, ఇంటిది. ఇయ్యాల మొగడొస్తడు, రేపు పెండ్లమొస్తది, ఎల్లుండి తమ్ముడు. ఎవలికి పానం మంచిగుంటే వాళ్లొస్తరు. ముందు సంది గిట్లనే."

"మరి ట్రైనింగ్ తీసుకున్నదెవరు?"

"ఇంట్ల ఒకలు నేర్చుకుంటే మిగిలినోళ్లకు చెప్పరా ఏంది?"

నాకు కావలసిన జవాబంతా ఆయన మాటల్లోనే ఉంది. నేను వినలేదు. ఆడిటర్లు వచ్చే రోజు దగ్గరపడింది, నా ధ్యాసంతా అటే. గేటు దగ్గర వేలిముద్ర మిషన్ పెట్టించాను. పేరున్న మనిషే రావాలి. వరుసగా మూడు రోజులు ముద్ర పడకపోతే పేరు తీసేస్తాం. ఈ మూడు రోజుల నిబంధన పెట్టమని నన్నెవరూ అడగలేదు. జాబితా శుభ్రంగా ఉంటుందని నేనే చేర్చాను.

ఆడిట్‌లో ఒక్క తప్పూ రాలేదు. ఆ ఆదివారం ఖమ్మంలో మా చర్చిలో లేచి నిలబడి, దేవుడు నా పనిని ఆశీర్వదించాడని సాక్ష్యం కూడా చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

తర్వాత వానలు పడ్డాయి. చర్ల వైపు వానలు పడ్డాయంటే ఇంటింటా జ్వరాలే. చర్ల అవతలి పల్లె నుంచి వచ్చే ఒకతనికి రెండు రోజులు చలిజ్వరం వచ్చింది. అంతకుముందయితే అతను దుప్పటి కప్పుకుని పడుకునేవాడు, భార్య వచ్చేది. ఈసారి మూడో రోజు పొద్దున్నే అతనే వచ్చాడు. రాకపోతే పేరు పోతుంది. ముద్ర పడింది, గేటు తెరుచుకుంది. కర్రల కుప్ప ఎక్కాడు. కాళ్లు వణికి జారాడు. పై కర్రలు అతని మీదికి దొర్లాయి. భద్రాచలం దవాఖానాలో కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు.

ప్రమాద నివేదిక నేనే నింపాను. శిక్షణ ఉందా, ఉంది. హెల్మెట్, ఉంది. బూట్లు, ఉన్నాయి. సరైన మనిషేనా, అవును. జ్వరం గురించి రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. ఎవరి తప్పూ లేదని తేలింది. ఒకరి బదులు ఒకరు రావడమే వాళ్లను ఇన్నేళ్లూ కాపాడిందని, దాన్ని ఉల్లంఘన అని పేరుపెట్టి తీసేసింది నేనేనని ఆ రోజు కుర్చీలో కూర్చుని అర్థం చేసుకున్నాను. తెలియని దాన్నైతే కొంత నయం. తెలిసి, స్లైడ్లు వేసి చెప్పిన దాన్ని.

దవాఖానాకు వెళితే అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య వరండాలోకి వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననిపించింది.

"మేడం, ఇగ ఆయన రాలేడు. ఆయన బదులు నేనొస్త. మిషన్ ఒప్పుకుంటదా?"

ఆ ముఖం చూసి కాదనలేకపోయాను. "సోమవారం రా" అన్నాను. ఆ మాటిచ్చే అధికారం నాకు లేదు.

అదే సాయంత్రం మిషన్ తీసేయమని, పేరు ఇంటికి ఇవ్వమని హైదరాబాద్‌కు పొడవాటి మెయిల్ రాశాను. శనివారం రెండు ముక్కల్లో జవాబొచ్చింది, కుదరదని. కింద నేను రాసిన నిబంధననే జతచేశారు. ఆమెకు రావద్దని కబురు పంపాల్సింది. ఏమని పంపాలో తోచక ఊరుకున్నాను.

సోమవారం పొద్దున ఏడింటికల్లా ఆమె సద్ది కట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. బొటనవేలు పెట్టింది. ఎర్రలైటు. కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ పెట్టింది. ఇంకో వేలు పెట్టింది. వెనక లైను పెరిగింది. గేటు మనిషి ఏం చేయమంటారన్నట్టు తలెత్తి యార్డు ఆఫీసు మేడ మీది నా గది కిటికీ వైపు చూశాడు. ఆమె కూడా చూసింది.

నేను కిటికీ దగ్గర్నుంచి పక్కకు జరిగాను.