జయరాజు సారు అడిగిన ముద్ద

మా ముత్తాత చెన్నబసప్ప దేశాయి. ఎమ్మిగనూరు దారిలో ఉన్న మా ఊరికి ఆయన మాటే శాసనం. ఆయన కొడుకు, మా తాత శివప్ప దేశాయి, ఆదోని పత్తి మార్కెట్టుకు వస్తే వ్యాపారులు లేచి నిలబడి ధర చెప్పేవారు. మా నాన్న వీరన్న దేశాయి కాలానికి లేచేవాళ్ళు తగ్గారు గానీ, వీధిలో ఎదురైతే పక్కకు తొలగే అలవాటు ఊళ్ళో మిగిలే ఉండేది. నా దాకా ఆ తొలగడం కూడా రాలేదు. ఆదోనిలో ఒక పత్తి మిల్లులో జీతానికి పని చేస్తున్నాను. ఇది జాలి కోసం రాయడం లేదు. నేను చెప్పబోయే మనిషి ఎలాంటి గుమ్మం ముందు నిలబడి మాట్లాడాడో చదివేవారికి తెలియాలి.

పోయిన వారం పొద్దున మిల్లు పక్క హోటల్లో ఉగ్గాని తింటుంటే వెనక టీవీలో ఒక తలుపు కిర్రుమని తెరుచుకుంది. ఆ చప్పుడు నాకు తిరిగి చూడకుండానే తెలుసు. అది మా ఇంటి తలుపు. మా ఊళ్ళో తీసిన నాటకం అది. బడిలో ఎస్సీ ఆడమనిషి వండిన అన్నం పైవీధి పిల్లలు తినరు. చివరికి ఊరంతా మనసు మార్చుకుని ఆమె వడ్డిస్తే ఒకే వరసలో కూర్చుని తింటుంది. ఏడాదికోసారి ఏదో ఒక పండగకు వేస్తారు. ఆ చివరి వరస కొసన ఒక ముసలి పంతులు ముద్ద చేతిలో పట్టుకుని తల వంచుకుంటాడు. కన్నీళ్ళు రాలతాయి. హోటలాయన గరిటె ఆపి, “దేశాయన్నా, ఈ సారును సూసినప్పుడల్లా నాకూ ఏడుపొస్తాది. ఎంత సంతోషపడినాడో సూడు ఆయప్ప” అన్నాడు. నేను ప్లేటు పక్కన పెట్టేశాను.

ఆయన జయరాజు సారు. గోనెగండ్ల పక్క నుంచి వచ్చిన క్రైస్తవుల ఇంటి మనిషి, మా ఊరి బడికి పెద్దపంతులు. నన్ను చదివించింది ఆయనే. పాఠం చదవమంటే నేను గోడకు ఆనుకుని గొణిగేవాణ్ణి. ఒకరోజు పుస్తకం తీసేసుకుని, “ఏమప్పా, దేశాయి మనవడు గోడకు ఆనుకుంటాడా? నిటారుగా నిలబడు. పొగరు ఉండల్ల మనిషికి. అబద్ధం చెప్పబోతే అడ్డం పడే పొగరు ఉండల్ల” అన్నాడు. తరగతి నవ్వింది. నేను నిలబడ్డాను. మా వంశంలో ఎవరూ పొగరుకు అలాంటి పని ఒకటి ఉంటుందని చెప్పలేదు. అలా చెప్పిన మనిషి మా ఇంటికి వస్తే అరుగు కింద నిలబడే మాట్లాడేవాడు. కూర్చోమని మావాళ్ళు అనలేదు, ఆయనా అడగలేదు.

నేను ఆదోనిలో డిగ్రీ చదివే నాటికి బడిలో మధ్యాహ్నం వంట మార్తమ్మ చేతికి వచ్చింది. ఆమెది ఊరి చివర చర్చి వీధి. పైవీధి పిల్లలు ఇంటి నుంచి క్యారియర్లు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. తినే పిల్లలు లేరు కాబట్టి వంటమనిషిని మార్చమని పెద్దలు పట్టుబట్టారు. సారు ఒప్పుకోలేదు. రోజూ పిల్లల మధ్య కూర్చుని ఆమె వండినదే తినేవాడు. ఆయన నమ్మకమంతా ఒక్కటే, నాతో చాలాసార్లు చెప్పాడు: ఆ చేతి కూడు ఒక్కసారి నోట్లోకి పోతే చాలు, రెండోసారి నాలుకే అడుగుతుంది, ఆ తరువాత ఎవరూ ఏమీ చేయలేరు.

అందుకే హైదరాబాదు నుంచి టీవీ వాళ్ళు కథ వెతుక్కుంటూ వస్తే ఆయనే ఈ సంగతి చెప్పాడు. ఊరివాళ్ళే నటించాలని, మార్తమ్మ మార్తమ్మగానే ఉండాలని అడిగాడు. మా ఊరు ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు. కానీ టీవీలో కనబడతామంటే పైవీధి మొత్తం కొత్త బట్టలు కట్టుకుంది. మా నాన్న ఇల్లు కూడా ఇచ్చాడు. సారు ముఖంలో అంత వెలుగు నేను మళ్ళీ చూడలేదు.

చివరి రోజు బడి ముందు విస్తర్లు పరిచారు. మార్తమ్మ తెల్లవారుజామునే పొయ్యి వెలిగించి అన్నం, పుంటికూర పప్పు వండింది. కొత్త చీర కట్టుకుని, గరిటె పట్టుకుని నిలబడింది. కెమెరా తిరిగింది. ఆమె వడ్డించింది, మా నాన్నతో సహా అందరూ తిన్నారు. వరస కొసన సారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. రెండోది చేతిలోనే ఉండిపోయింది. నేను కెమెరా వెనక ఉన్నాను. గాలికి ఇంగువ వాసన తగిలింది, నెయ్యి వాసన తగిలింది. మార్తమ్మ పప్పులో ఇంగువా ఉండదు, నెయ్యీ ఉండదు. అది మా వంటింటి పోపు. ఆమె చీర మార్చుకునే వేళ ఆమె గిన్నెలు తీసి బడి వెనక పెట్టి, అలాంటి గిన్నెల్లోనే మా వంట అక్కడ పెట్టారు; కెమెరా కంగారులో ఆమె గమనించలేదు. ఊరు వరసలో కూర్చోవడానికి మా నాన్న పెట్టిన షరతు అది. ఊళ్ళో తెలియనిది సారుకూ మార్తమ్మకూ మాత్రమే.

సారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కెమెరా దగ్గరికి జరిగింది. డైరెక్టరు చాలా సంతోషించాడు.

విస్తర్లు ఎత్తాక మార్తమ్మ బడి వెనక తన గిన్నెలు చూసుకుంది. ఒక మూత ఎత్తి చూసింది. తరువాత, “అయితే నా పప్పు ఎవురూ తినలేదా సారూ?” అంది. లైట్లు మోసే పిల్లలు తిన్నారని, బాగుందన్నారని సారు చెప్పాడు. “పోనీలే, హైదరాబాదోళ్ళకైనా నచ్చింది” అని ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు.

సాయంత్రం సారు మా అరుగు కిందికి వచ్చి నిలబడ్డాడు. నాన్న ఆయన్ను చూసి, “ఊరి పేరు నిలబడింది కదా సారూ. అందరూ ఒక వరసలో కూర్చున్యారు. ఇంకేం కావల్ల మీకు?” అన్నాడు.

“ఒక ముద్ద కావల్ల దేశాయిగారూ. ఒక్క ముద్ద.”

“నాటకంలో ముద్ద ఏదైతేనేం? నిజంగా సంపుకుంటారా ఏంది నాటకంలో?” అని నాన్న నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సారు నావైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

మరునాడు పిల్లలు మళ్ళీ క్యారియర్లతో వచ్చారు. నాటకం టీవీలో వచ్చాక ఊళ్ళో టపాకాయలు కాల్చారు. సారు పై అధికారులకు మొరపెట్టుకుంటే, మీ ఊళ్ళో ఆ గొడవ తీరిపోయింది కదా, మేమూ టీవీలో చూశాం అన్నారు. వంట చేతులు మారింది. మార్తమ్మ మిరపకాయలు కోసే సుగ్గికి, వలస కూలీగా, గుంటూరు పక్క వెళ్ళిపోయింది. మళ్ళీ ఊళ్ళో కాపురం పెట్టలేదు. సారును మద్దికెర పక్కకు బదిలీ చేశారు. ఆయన రిటైరయ్యాక ఒకసారి వెళ్ళి చూశాను. మంచం పట్టి ఉన్నాడు. నేను ఆ మాట ఎత్తలేదు, ఆయనే ఎత్తాడు. “నేను టీవీవాళ్ళను పిలవకుండా ఉంటే బాగుండు. రోగానికి రోగమని పేరైనా మిగులుతాండె. ఇప్పుడు అదీ లేదప్పా” అన్నాడు. ఆ ఏడే పోయాడు.

ఆ నాటకం గురించి ఎవరు మెచ్చుకున్నా నేను నిటారుగా నిలబడి, వాళ్ళు తిన్నది మా వంటింటి పప్పని చెబుతాను. హోటలాయనకూ చెప్పాను. తండ్రి పరువు తీసే కొడుకునని బంధువులు మాట్లాడటం మానేశారు. చెప్పినందువల్ల ఒరిగిందేమీ లేదు. మార్తమ్మ రాలేదు, ఎవరూ తినలేదు. అయినా చెప్పకుండా ఉండలేను. సారు నాలో నిలబెట్టింది ఆ పొగరొక్కటే, అది కూర్చోనివ్వదు.

పైవీధి పిల్లలు ఒక్కొక్కరే ఎమ్మిగనూరు కాన్వెంట్ల బస్సులెక్కారు. చివరికి బడి మూతపడింది. బడి స్థలం మా తాత నోటిమాట మీద ఇచ్చినది, కాగితం లేదు. నాన్న దాన్ని గోడౌను కట్టుకునే పత్తి వ్యాపారికి అమ్మాడు.