ఎర్ర కవరులో ఒక్క డాలరు

చదివింపు కవరులో వట్టి సున్నాలతో ముగిసే డబ్బు పెట్టడం మా ఇంటావంటా లేదు. వందకి ఒకటి, అయిదు వందలకి ఒకటి పైన చేర్చాల్సిందే. సున్నాతో ఇస్తే అక్కడితో ఆగిపోతుందనీ, పైన ఒకటి ఉంటే బంధం ముందుకు సాగుతుందనీ మా అమ్మ నమ్మకం. మా ఊళ్లో రూపాయి బిళ్ళ అంటించిన కవర్లే అమ్ముతారు. అందుకే ఈ పరాయి దేశంలో, బుకిట్ బటోక్‌లో మా ఎదురింటి ఆంటీ కొడుకు పెళ్లికి ఎర్ర కవరు సర్దుతున్నప్పుడు నా చెయ్యి దానంతటదే డాలరు బిళ్ళ కోసం వెతికింది.

ఆంటీ చైనీస్. నేను రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసు ముగించుకుని రైలెక్కి ఇల్లు చేరేదాకా మా ఏడేళ్ల పిల్ల వాళ్లింట్లోనే ఉంటుంది. స్కూలు బస్సు దిగగానే ముఖం కడిగించి, తినిపించి, హోంవర్కు దగ్గర కూర్చోబెట్టేది ఆవిడే. మూడేళ్లుగా ఇదే ఏర్పాటు. ఆవిడ లేకపోతే నాకు ఉద్యోగం లేదు. మాటవరసకి అనడం కాదు, నిజంగానే లేదు.

అంకెల సంగతి నాకు నేర్పిందీ ఆవిడే. వాళ్ల భాషలో నాలుగు అంటే చావు అన్నట్టే వినబడుతుంది కనుక ఆ అంకె ఇంట్లో పలకకూడదు. ఎనిమిది అంటే సిరి. మా పిల్లకి లెక్కల్లో ఎనభై ఎనిమిది వస్తే, మిగతా పన్నెండూ ఏ గంగలో కలిశాయని నేను దాన్ని నిలదీస్తుండగా, ఆంటీ చెప్పులేసుకుని వెళ్లి ఆ అంకె మీద లాటరీ టికెట్టు కొనుక్కొచ్చింది. మా వైపు ఎనిమిదిని శని అంకె అంటారని నేను ఆవిడతో ఏనాడూ అనలేదు. నాకూ కాస్త లౌక్యం ఉందండీ.

ఆ లౌక్యంతోనే కవరు తయారు చేశాను. రెండు వందల డాలర్లకి నాలుగు యాభైలు పెట్టబోయి, నాలుగు నోట్లా అని నాలిక్కరుచుకుని, బ్యాంకుకి వెళ్లి రెండు కొత్త వంద నోట్లు తెచ్చాను. డాలరు బిళ్ళకి జిగురు రాసి కవరు లోపల అంటించాను.

మా ఆయన చూసి నవ్వాడు. "రెండొందలు పెట్టావుగా, మళ్ళీ ఈ బిళ్ళెందుకే? బరువుకి కవరు చిరుగుద్ది."

"నీకు పద్ధతీ పాడూ తెలిస్తే కదా," అని కవరు మూసి, పైన మా పేర్లు రాశాను. పేర్లు రాయకపోయినా బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో.

ఆ పెళ్లి మామూలుగా జరుగుతున్న పెళ్లి కాదు. ఆంటీ వాళ్లమ్మ, తొంభై దాటిన ముసలావిడ, వాళ్లింట్లోనే మంచం పట్టి ఉంది. ఎక్కువ రోజులు ఉండదని డాక్టర్లు చెప్పేశారు. మనవడి పెళ్లి ఆవిడ కళ్లారా చూడాలని ముహూర్తం ముందుకు జరిపారు. ఆ నెలంతా ఆంటీ ఇంట్లో చెడ్డ మాట వినబడకూడదు, ఎవరూ కన్నీళ్లు పెట్టకూడదు. మా పిల్ల వాళ్లింట్లో ఒకటి నుంచి పది దాకా లెక్కపెడుతూ మూడు తర్వాత అయిదు అనడం నేర్చుకుంది.

శనివారం మధ్యాహ్నం విందు. హాల్లో బల్లలకి కూడా మూడు తర్వాత అయిదే. గుమ్మం దగ్గర ఎర్ర గుడ్డ కప్పిన పెట్టెలో కవరు వేసి లోపలికెళ్లాను. ముసలావిడని చక్రాల కుర్చీలో తెచ్చారు. ఎర్ర స్వెట్టరు తొడిగారు. వెనకాల నిలబడ్డ ఆంటీ ఆవిడ మెడ పక్కకి వాలకుండా చేత్తో పట్టుకుని, వచ్చినవాళ్లందరికీ నవ్వుతూ తలూపుతోంది.

మా బల్ల దగ్గర యూ టీ అనే పేట నుంచి వచ్చిన ఒక తెలుగు అంకుల్ కూర్చున్నాడు. ఆంటీతో పాటు ఒకప్పుడు ఒకే చోట పనిచేశాడట. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. మాటల్లో నా గొప్ప నేనే చెప్పుకున్నాను. "ఎక్కడున్నా మన పద్ధతి వదల్లేదంకుల్. పైన ఒకటి కలిపే పెట్టాను."

ఆయన చెంచా కింద పెట్టాడు. "ఒకటి కలిపినావా? అయ్యయ్యో, ఏం పని చేసినావమ్మా! ఒంటి అంకె వీళ్లు సావింటికి ఇచ్చేది. వంద ఇస్తే పైన ఒక బిళ్ళ పెడతారు. సావు జతగా రాకూడదని. పెళ్లికి జత అంకెలే ఇయ్యాల. ఇది వీళ్లకి శానా పంతాంగ్, తెలుసునా?"

పంతాంగ్ మలయ్ మాట. పట్టింపు, అరిష్టం రెండూ అందులో ఉన్నాయి. ఎదురుగా ఎర్ర స్వెట్టరులో ముసలావిడ. ఆ పెట్టెలో నా కవరు, దాని మీద నా పేరు.

లేచి గుమ్మం దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లాను. పెట్టె లేదు. బల్ల దగ్గరున్న బంధువులమ్మాయి కవర్లన్నీ లోపలి గదికి పంపేశామంది. "ఏం కావాలి?" అని అడిగింది. ఏం చెప్పను? ఇచ్చిన కానుక వెనక్కిమ్మననా? తప్పు జరిగిందంటే, ఏం తప్పని అడుగుతుంది. ఆ తప్పు పేరు ఆ గుమ్మంలో పలికితే కవరుని మించిన అపశకునం. ఏమీ లేదని చెప్పి తిరిగొచ్చాను.

"ఇంకో డాలరు ఇచ్చేస్తే జత అవుతుందేమో అంకుల్?"

"వేరే కవర్లో పెట్టి ఇస్తావా? అప్పుడు రెండు సావులు అంటారు. గమ్మున కూర్చోమ్మా."

హాలంతా గ్లాసులెత్తి యామ్ సెంగ్ అని ఊపిరి ఆగేదాకా అరుస్తోంది. మా పిల్ల కూడా కుర్చీ ఎక్కి అరుస్తోంది. నేను మాత్రం చెంచా ముట్టలేదు. వంటలన్నీ అలాగే వెళ్లిపోయాయి.

ఆదివారం పొద్దున ఆంటీ నుంచి మెసేజ్ వచ్చింది. ఈ వారం పిల్లని పంపొద్దు. అంతే. ఎందుకో రాయలేదు. వాళ్లమ్మకి బాగోలేకనా, నా డాలరు వల్లనా? సోమవారం సెలవు పెట్టాను, మంగళవారం మా ఆయన పెట్టాడు. బుధవారం లిఫ్టులో ఆంటీ ఎదురైంది. నేను పలకరిస్తే తలుపు పైన మారుతున్న అంకెలవైపు చూస్తూ నిలబడింది. మా పిల్ల ఇక్కడివాళ్లలాగే మాట చివర లా తగిలించి, "ఆంటీ యాంగ్రీ లా, అమ్మా," అంది. దాని నోరు మూశాను.

ఎదురింటి తలుపు చప్పుడైతే చాలు, చేస్తున్న పని ఆపి చెవి ఒగ్గేదాన్ని. మా ఆయన విసుక్కున్నాడు. "తొంభై ఏళ్లు దాటిన మనిషి. నీ బిళ్ళ వల్ల పోతుందా ఏంటి?"

"నేను నమ్మను. ఆవిడ నమ్ముద్ది. అదే నా భయం," అన్నాను. అని ఏడ్చాను.

పెళ్లయిన పదో రోజున ముసలావిడ పోయింది.

బ్లాకు కింద ఖాళీ జాగాలో షామియానా కట్టి, ఫొటో పెట్టి, కుర్చీలు వేశారు. సాయంత్రం తెల్ల చుడీదారు వేసుకుని దిగాను. చేతిలో తెల్ల కవరు. అందులో యాభై డాలర్లు, పైన ఒక బిళ్ళ. ఈసారి సరైన లెక్కే.

ఆంటీ నన్ను చూసి లేచింది. కవరు చాపితే రెండు చేతులతో వెనక్కి తోసింది. "నువ్వు అప్పుడే ఇచ్చేశావు కదా," అంది.

నేను చచ్చిపోయాననే అనుకున్నాను. చుట్టూ కూర్చున్నవాళ్లంతా నావైపే చూస్తున్నట్టు అనిపించింది.

ఆవిడ నడుముకున్న సంచీ తెరిచి, మడిచిన తెల్ల కాగితం తీసి విప్పింది. నా డాలరు బిళ్ళ. దానికి అంటుకున్న ఎర్ర కాగితం గోటితో గీకేసినట్టుంది. జిగురు మరక మాత్రం అలాగే ఉంది.

"నోట్లు అబ్బాయికి ఇచ్చేశా. రెండు, మంచి అంకె. ఇది మాత్రం వాడి కంట పడకుండా తీసేశా. పారేద్దామనుకున్నా. చాలా కోపం వచ్చింది లా. మా అమ్మ మీద నీకేం పగ అనుకున్నా."

మా వైపు ఆ ఒకటి ఎందుకు కలుపుతామో, మా అమ్మ ఏం చెప్పేదో తడబడుతూనే అంతా చెప్పేశాను. క్షమించమని అడిగాను. ఆంటీ బిళ్ళని వేళ్ల మధ్య తిప్పుతూ విన్నది.

"ఆగిపోకూడదనా?" అంది చివరికి.

"ఆగిపోకూడదనే, ఆంటీ."

ఆవిడ ఫొటోవైపు చూసింది. తర్వాత బిళ్ళ నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, ఫొటో ముందున్న పెట్టె దాకా నన్ను నడిపించింది. "అది పెళ్లికి ఇచ్చావు. ఇది మా అమ్మకి. నీ చేత్తో నువ్వే వెయ్యి."

వేశాను. అడుగున తగిలిన చప్పుడు ఇద్దరం విన్నాం.

"పనులన్నీ అయ్యాక, సోమవారం నుంచి పిల్లని పంపు," అంది ఆంటీ.