బతికున్న మనిషికి పేరుపట్టీ

మా పిన్ని పేరుపట్టీని పిన్ని చేతికే ఇచ్చి కుట్టమన్నారు. ఈ సంగతిని ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

పిన్ని దర్జీ. ఆసుపత్రి సిబ్బందికీ బడిపిల్లలకూ యూనిఫారాలు కుట్టే దుకాణంలో, కిటికీ పక్కనున్న మిషను ఆవిడది. పెదవుల మధ్య గుండుసూదులు పట్టుకుని మాట్లాడగలదు, బేరమాడగలదు, అవసరమైతే తిట్టగలదు. ఏటా ఆ మిషను మీదే తన పరుగుల జట్టుకు చొక్కాలు కుడుతుంది. క్యాన్సర్‌తో పోయినవారి జ్ఞాపకార్థం, వారి అయినవాళ్ళు కలిసి ఊరి ఈ కొస నుంచి ఆ కొస దాకా పరిగెత్తే జట్టు అది. ప్రతి ఒక్కరి వీపు మీదా పోయిన ఒక మనిషి పేరుతో గుడ్డపట్టీ ఉంటుంది. ఆ పట్టీలు అచ్చువేయించడం జట్టు కార్యదర్శి పని, వాటిని చొక్కాలకు కుట్టడం పిన్ని పని. ఈసారి కట్ట విప్పి ఒక్కొక్క పట్టీనీ అరచేత్తో సాపు చేస్తూ ఉండగా, నడుమ తన పేరు కనిపించింది.

ఈ జట్టు పుట్టిందే ఆవిడ వల్ల. మా పెద్దమ్మ, అంటే పిన్నికి అక్క, జబ్బు ముదిరిన రోజుల్లో ఆసుపత్రి వసారాలో నడిచేటప్పుడు వెనకబడిపోయేది. మేమందరం గబగబా ముందుకు వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగి చూసేవాళ్ళం. జాలి, తొందర, విసుగు అన్నీ కలిసిన ఆ చూపును పెద్దమ్మ తలవంచుకుని భరించేది. ఆవిడ పోయాక పిన్ని ఇంట్లో కూర్చోలేకపోయింది. పొద్దున్నే లేచి వీధుల వెంట పరిగెత్తడం మొదలుపెట్టింది. "ఎవరు తరుముతున్నారమ్మా?" అని ఎగతాళి చేసినవాళ్ళకు, "నువ్వే ఓసారి తరిమి చూడు, ఎవరు ముందు కూలబడతారో తేలిపోతుంది" అని పరిగెత్తుతూనే బదులిచ్చేది. ఆసుపత్రి వరండాలో పరిచయమైనవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కలిశారు. జట్టుకు పిన్ని పెట్టిన నియమం ఒక్కటే: అందరికంటే నెమ్మదిగా పరిగెత్తేవాళ్ళు అందరికంటే ముందుండాలి, వాళ్ళను ఎవరూ దాటకూడదు. వెనక్కి తిరిగి చూసే పని ఎవరికీ ఉండకూడదని.

పోయిన ఏడాది చివర్లో ఆ జబ్బు పిన్నికీ వచ్చింది.

వైద్యం సాగినన్నాళ్ళూ ప్రాక్టీసుకు వెళ్ళలేదు. ఆ రోజుల్లో ఇంటికి వచ్చిన పరామర్శల గురించి తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఎదురింటావిడ సోఫా అంచున కూర్చుని మా బాబాయితో, "ఎంత చలాకీగా ఉండేదండీ!" అంది.

"ఉండేదేంటమ్మా? నీ ఎదురుగానే కూర్చున్నాను. టీ కూడా నేనే ఇచ్చాను" అంది పిన్ని.

బాబాయి లిఫ్టులు బాగుచేస్తాడు. నవ్వించడమొక్కటే ఆయనకు తెలిసిన వైద్యం. "మీ పిన్ని లిఫ్టెక్కడం ఎప్పుడో మానేసిందే. ఊరంతా ఈవిడలా తయారైతే నేను సంచీ పట్టుకుని రోడ్డున పడాలి" అనేవాడు. పట్టీ కనిపించిన రోజున మాత్రం ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పిన్ని చేతికే ఇచ్చేశాడు. పిన్ని దాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకుని, చెప్పులు వేసుకుంది. నేనూ వెంట వెళ్ళాను.

కార్యదర్శి బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. తలుపు తీయగానే కుర్చీ లాగాడు.

"కూర్చో అమ్మా, కూర్చో. నిలబడితే నీరసం వస్తుంది."

"నీరసం సంగతి తర్వాత. ఇదేంటండీ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పట్టీలు ఏడాదికొకసారే అచ్చవుతాయి కదమ్మా. డాక్టర్లన్నది విన్నాక... పరుగు నాటికి ఎలా ఉంటుందోనని... కాస్త ముందుచూపుతో..."

"నా చావుకి మీ ముందుచూపా?"

"నీ మీద గౌరవంతోనే అమ్మా."

"గౌరవముంటే నా వంతు నాకివ్వండి. పరుగులో ఆఖర్న వచ్చే గుట్ట రోడ్డు మొదట్నుంచీ నాది. మెల్లగా పరిగెత్తొచ్చని డాక్టరే చెప్పాడు."

"దారిలో పడిపోతే? చందాలిచ్చినవాళ్ళకి నేనేం జవాబు చెప్పను? ముఖ్య అతిథి ముందు ఏదైనా జరిగితే జట్టు పరువేం కాను?"

"చచ్చినవాళ్ళయితే పడిపోరు. అందుకేగా వాళ్ళంటే మీకంత ప్రేమ!"

ఆయన దుర్మార్గుడైతే నాకు పని సులువయ్యేది. దుర్మార్గుడు కాడు. పిన్ని ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ ఫోన్ చేసిన మనిషి. ఇంత మంచివాళ్ళు, ఇంత నెమ్మదిగా మాట్లాడుతూ, ఒక మనిషి బతికే హక్కును ఆ మనిషి క్షేమం పేరిట లాగేసుకోవడాన్ని అన్యాయమని కాక ఏమనాలి? రోగంతో పోయినవాళ్ళ కోసమని పెట్టుకున్న జట్టులో రోగికి చోటు లేదట! చదువుకున్న న్యాయశాస్త్రమంతా గొంతులోకి వచ్చింది. మెట్లు దిగుతూనే, రేపే నోటీసు పంపిస్తానన్నాను.

"నీ నోటీసు వాళ్ళకి అందేలోగా ఈ పట్టీ నిజమైపోతుందే తల్లీ" అంది పిన్ని. ఆ మాటకు ఆవిడే నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మిగిలిన పట్టీలన్నీ కుట్టి, ఇస్త్రీ చేసి పంపించింది. తన పేరున్నదాన్ని ముక్కలుగా కత్తిరించి మిషను తుడుచుకుంది.

పరుగు రోజున గుట్ట రోడ్డు మొదట్లో, పాత చొక్కా వేసుకుని నిలబడింది. బాబాయి నీళ్ళసీసా పట్టుకున్నాడు. జట్టు మలుపు తిరిగి వచ్చింది. అందరిలోకీ వేగం గలవాణ్ణి వాళ్ళు గుర్రం అని పిలుస్తారు. అతడు దూరం నుంచే అరిచాడు. "టైలరమ్మా, పక్కకి జరగండి!"

పిన్ని జరగలేదు. వాళ్ళు దగ్గరకు వచ్చేదాకా ఆగి, ముందుకు తిరిగి పరుగు మొదలుపెట్టింది.

పరుగంటే పరుగు కాదు, వేగంగా నడిచే మనిషి సులువుగా దాటిపోగలడు. ఇద్దరు దాటిపోయారు కూడా. వాళ్ళ వీపులు నేను చూశాను, రెండింటి మీదా తల్లుల పేర్లే. మిగిలినవాళ్ళు అడుగు తగ్గించారు. వెనక కారులోంచి కార్యదర్శి మైకు అందుకుని, "దాటండి! దాటి వెళ్ళిపోండి! ముఖ్య అతిథి ఎదురుచూస్తున్నారు!" అని కేకలేశాడు. ఎవరూ దాటలేదు.

సగం ఎక్కాక పిన్ని రోడ్డు పక్క పిట్టగోడ పట్టుకుని వాంతి చేసుకుంది. కారు ఆగింది. తలుపు తెరుచుకుంది. "ఎక్కించండి, ఎక్కించండి" అన్నారెవరో. జట్టంతా చుట్టూ చేరి ఆవిడనే చూస్తూ నిలబడింది.

"అలా గుడ్లప్పగించి చూడకండి. పనిలేకపోతే బూట్ల లేసులు కట్టుకోండి" అంది పిన్ని, మూతి తుడుచుకుంటూ.

నిజంగానే ఇద్దరు వంగి లేసులు ముట్టుకున్నారు. బాబాయి నీళ్ళు పోశాడు. కారు తలుపును తన చేత్తోనే మూసి, మిగతా ఎత్తంతా పిన్ని నడిచే ఎక్కింది. వెనక జట్టూ నడిచింది.

పైకి చేరేసరికి కుర్చీలు మడిచేస్తున్నారు. ముఖ్య అతిథి వెళ్ళిపోయాడు. ముందుగా చేరిన ఇద్దరూ పతకాలు మెడలో వేసుకుని, ఎటు చూడాలో తెలియక నేల చూస్తున్నారు. కార్యదర్శి కారు దిగి వచ్చాడు. "ఏడాది పాటు పడ్డ శ్రమంతా మట్టిపాలు చేశావమ్మా" అన్నాడు. పిన్నికి జవాబు చెప్పే ఊపిరి లేదు. నా దగ్గర ఉంది. కానీ ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఊరుకోమన్నదో, ఆసరాకు పట్టుకున్నదో నేను తేల్చుకునేలోపే ఆయన వెళ్ళిపోయాడు.

గుర్రం వచ్చి ఆవిడ ఎదుట చతికిలబడ్డాడు.

"పట్టీ సంగతి మాకందరికీ ముందే తెలుసు టైలరమ్మా. ఒక్కరం కూడా వద్దనలేదు. క్షమించండి."

పిన్ని ఊపిరి కూడదీసుకుంది. క్షమిస్తుందని అక్కడున్న అందరూ ఎదురుచూస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది. క్షమిస్తే వాళ్ళ భారం దిగిపోతుంది, ఇంటికెళ్ళి హాయిగా భోంచేస్తారు.

"క్షమించేస్తే నీకు తేలికవుతుంది. మరి నాకు?" అంది. "అవన్నీ ఇప్పుడెందుకు గానీ, సోమవారం ప్రాక్టీసు ఎన్నింటికో చెప్పు."

అతడు కార్యదర్శి కారు వెళ్ళినవైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగాడు.

"ఐదున్నరకి. పార్కు గేటు దగ్గర."

"నేను రాకముందే మొదలుపెట్టారంటే ఊరుకోను" అంది పిన్ని.