చట్నీ లేని ఇడ్లీ

పోయిన నెల మా మామగారు కన్నుమూశారు. ఆ పొద్దున నేను పాప బడి క్యారేజీలో పెరుగన్నం సర్దుతున్నాను. గుంటూరు ఆసుపత్రిలో ఆయన దగ్గరున్న మావారు ఫోను చేసి, "నాన్న పోయాడే" అన్నారు. పాప జడ వేయించుకోవడానికి రిబ్బన్లు పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడింది. క్యారేజీకి మూత పెట్టాను, మళ్ళీ తీశాను. బడి లేదని చెప్పకుండానే రిబ్బన్లు అందుకుని జడ వేయడం మొదలుపెట్టాను.

ఆయన మీకు తెలిసిన మనిషి కాదు. పర్చూరు దగ్గర పల్లెలో మిరప, పత్తి పండించుకుని బతికిన రైతు. మా అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. ఎవరు పిలిచినా వెళ్ళి ఉండకుండా తన వంట తనే చేసుకున్నారు. ఈ నాలుగు మాటలు ఎందుకు రాస్తున్నానంటే, మా పాప ఈ రోజు నలుగురి మధ్య కూర్చుని ఒక ముద్ద తినగలుగుతోందంటే అది ఆయన వల్లే.

ఆయనకి కారమంటే ప్రాణం. వేడి అన్నంలో కొరివికారం కలుపుకుని, పైన నూనె పోసుకుని, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ తినేవారు. ఆదివారం మాంసం వండితే వీధిలో పోయేవాళ్ళు దగ్గుతూ పోయేవారు. తింటున్నంతసేపూ నుదుటి మీద చెమట పోస్తూనే ఉండేది. కండువాతో తుడుచుకుని, "ఇప్పుడు అన్నం తిన్నట్టుందమ్మాయ్" అనేవారు.

అలాంటి మనిషికి మనవరాలిగా మా పాప పుట్టింది. తనకి తెల్లటి తిండే కావాలి. పెరుగన్నం, ఉత్త ఇడ్లీ, పాలు. పెరుగన్నంలో ఒక్క ఆవగింజ కనబడినా కంచం తోసేసేది. పోపు వాసన వస్తే ముక్కు మూసుకుని పెరట్లోకి పరుగెత్తేది. డాక్టరు చూసి, ఒంట్లో జబ్బేమీ లేదు, కొందరు పిల్లలకి వాసనలూ చప్పుళ్ళూ ఎక్కువగా తగులుతాయి, బలవంతం చేయకండి అన్నాడు. బంధువులు మాత్రం ఊరుకునేవాళ్ళు కాదు. పెళ్ళిళ్ళలో పక్క విస్తరిలోంచి తొంగిచూసి, "ఏం పెంచుతున్నావే పిల్లని?" అని నన్నే అడిగేవాళ్ళు.

ఇంట్లో ఎలాగో నెట్టుకొచ్చేవాళ్ళం. బయట తినాల్సి వస్తేనే భయం. హోటల్లో గిన్నెల చప్పుడు, అట్ల పెనం మీద నీళ్ళు చల్లిన చప్పుడు, ఒకేసారి పది కూరల వాసన. పాప చెవులు మూసుకుని బల్ల కిందికి దూరేది. అందరూ మా వైపే చూసేవారు. మెల్లగా మేం బయటికి వెళ్ళడమే మానుకున్నాం. ఎవరైనా భోజనానికి పిలిస్తే మావారొక్కరే వెళ్ళొచ్చేవారు.

పాపకి నాలుగేళ్ళప్పుడు సింగరాయకొండ గుడికి వెళ్ళాం, మామగారు కూడా వచ్చారు. తిరిగొస్తూ హైవే పక్కన ఒక హోటల్లో ఆగాం. ఇడ్లీ తెప్పించాం. సర్వరు అలవాటు కొద్దీ ప్లేటు నిండా సాంబారు పోసి తెచ్చాడు. పాప తల తిప్పేసింది. మావారికి ఆ రోజు ఏమైందో, అందరి ముందూ ఈ తంతేమిటని చిరాకు పడి, సాంబారులో నానిన ముక్క తీసి బలవంతంగా నోట్లో పెట్టారు. పాప బల్ల మీదే కక్కుకుంది. పక్క బల్ల మీద తింటున్నావిడ లేచి వెళ్ళిపోయింది. మావారు పాపని చెంప మీద కొట్టారు.

మామగారు తింటున్నది వదిలేసి లేచారు. పాపని ఎత్తుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి మూతి కడిగి, తన కండువాతో తుడిచారు. తిరిగొచ్చాక ఆయన గొంతు హోటలంతా వినబడింది.

"ఏరా, నీకు ఇష్టం లేంది నీ నోట్లో నేనెప్పుడన్నా కుక్కానా?"

"అది కాదు నాన్నా, అందరూ చూస్తంటే..."

"చూడనీరా! చూసేవాళ్ళు వచ్చి పెంచుతారా నీ కూతుర్ని? తిండి దగ్గర బిడ్డ మీద చెయ్యెత్తాక ఇంక అది తింటదా ఎప్పటికన్నా?"

మావారు తల దించుకున్నారు. కారెక్కి ఒంగోల్లో మా ఇంటికి బయలుదేరాం. పాప తాతయ్య ఒళ్ళో నిద్రపోయింది.

ఆ తర్వాతి ఆదివారం ఆయన బస్సెక్కి మా ఇంటికొచ్చారు. "పాపని రెడీ చెయ్యమ్మాయ్, హోటలుకి పోదాం" అన్నారు. నేను వద్దన్నాను. ఏడుస్తుంది మామయ్యా, మీకే ఇబ్బంది అన్నాను. "తినడానికి కాదులే. కూర్చోడానికి. ముందు కుర్చీ అలవాటవ్వాలి. తిండి సంగతి తర్వాత" అన్నారు.

నిజంగానే కూర్చోబెట్టడానికే మమ్మల్నిద్దరినీ తీసుకెళ్ళారు. జనం పల్చగా ఉండే వేళ చూసి, మా ఇంటి దగ్గరి హోటల్లో వంటగదికి దూరంగా, కిటికీ పక్క బల్ల చూసుకున్నారు. ఆయన మిరపకాయ బజ్జీ తిన్నారు. పాప బయట పోయే ఆటోలు చూస్తూ కూర్చుంది. ఏడుపు మొదలవగానే, సగం తిన్న బజ్జీ వదిలేసి, "సరే పోదాం పదమ్మా" అని లేచిపోయారు. ఇంకాసేపు కూర్చోమని ఒక్కసారి కూడా బతిమాలలేదు.

పొలం పని అడ్డురాని ప్రతి ఆదివారం అదే హోటలు, ఇదే వరస. కొన్నాళ్ళకి నేను స్టీలు డబ్బాలో పెరుగన్నం కలిపి తీసుకెళ్ళాను. హోటలు యజమాని వచ్చి, బయటి తిండి లోపలికి తేకూడదన్నాడు. మామగారు కోపం తెచ్చుకోలేదు. "నీ తిండి నేను తింటన్నా కదయ్యా. ఆ బిడ్డ ఇక్కడ కూర్చుని తినడం నేర్చుకుంటంది. నేర్చుకున్నాక నీ దగ్గరే తింటది" అన్నారు. ఆ యజమాని కాసేపు పాప వైపు చూసి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ అడ్డుచెప్పలేదు.

ఆ మరుసటేడు పాప అక్కడ ఇడ్లీ తినడం మొదలుపెట్టింది. మామగారే సర్వరుని పిలిచి చెప్పేవారు: "ఒక ప్లేటు ఇడ్లీ. ఉత్తదే. చట్నీ వద్దు, సాంబారు వద్దు, పక్కన గిన్నెలో కూడా వద్దు." పాప ఇడ్లీని గోళ్ళంత ముక్కలు చేసుకుని తినేది. చల్లారి రాయైపోయేది, అయినా తినేది. మావారు కూడా మెల్లగా మాతో రావడం మొదలుపెట్టారు. మొదట్లో ఆయన బల్ల దగ్గర కూర్చుంటే పాప తాతయ్య వైపు జరిగిపోయేది. ఆయన అది చూసీ చూడనట్టు మంచినీళ్ళు తాగేవారు. ఒకసారి వాష్‌బేసిన్ దగ్గర ఆయన చాలాసేపు మొహం కడుక్కోవడం చూశాను.

నిరుడు మిరప కోతలప్పుడు మామగారికి గొంతు బొంగురుపోయింది. కల్లంలో కాయల ఘాటుకి అలాగే ఉంటుందిలే అన్నారు. ముద్ద దిగడం కష్టమైనప్పుడు గానీ మాకు చెప్పలేదు. గుంటూరులో చూపిస్తే గొంతులో పుండు, మంచిది కాదన్నారు. రేడియేషన్ కరెంటు పెట్టారు, సెలైన్లో మందులెక్కించారు. నోరంతా పొక్కిపోయింది. ఉప్పు తగిలినా మంటే. జుట్టు, బరువు పోయినందుకు ఆయన బాధపడలేదు. ఒకరోజు నాతో అన్నారు, "కారం సంగతి దేవుడెరుగు. మజ్జిగ కూడా మట్టినీళ్ళలాగా ఉందమ్మాయ్. నేను తింటన్నానో, మింగుతన్నానో తెలవడం లేదు."

చికిత్స అయ్యాక మా ఇంట్లోనే ఉంచుకున్నాం. నలుగురం కలిసి తిందామంటే వచ్చేవారు కాదు. మింగేటప్పుడు దగ్గు వచ్చేది, నోటి పక్కనుంచి కారేది. అందుకని గది తలుపు దగ్గరగా వేసుకుని తినేవారు. హోటలుకి రమ్మని మావారు అడిగితే, "నా ఎదురుగా కూర్చుని ఎవరూ తినలేర్రా. మీరెళ్ళండి" అన్నారు. పాప చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది. తాతయ్య రాకపోతే నేనూ రానంది. బతిమాలలేదు, ఏడవలేదు. అలా నిలబడే ఉంది. చివరికి ఆయనే చొక్కా తొడుక్కున్నారు.

ఎప్పటి బల్ల దగ్గరే కూర్చున్నాం. సర్వరు ఆయన్ని చూసి గుర్తుపట్టలేక, గుర్తుపట్టాక ఏమనాలో తెలియక నిలబడ్డాడు. పాపే చెప్పింది. "తాతయ్యకి ఒక ప్లేటు ఇడ్లీ అంకుల్. ఉత్తదే. చట్నీ వద్దు, సాంబారు వద్దు, పక్కన గిన్నెలో కూడా వద్దు."

ఇడ్లీ వచ్చింది. పాప ప్లేటు దగ్గరికి లాక్కుని గోళ్ళంత ముక్కలు చేసి, వేడిపాలు తెప్పించి అందులో వేసింది. ఆయన ఒక్కొక్క ముక్కే చెంచాతో తీసుకుని, కళ్ళు మూసుకుని మింగారు. మధ్యలో దగ్గు వచ్చింది. పాలు చొక్కా మీద పడ్డాయి. పక్కవాళ్ళు తలతిప్పి చూశారు. మావారు లేచి, తన రుమాలుతో వాళ్ళ నాన్న మూతి తుడిచి, చొక్కా తుడిచి, ఆయన పక్కనే కూర్చుండిపోయారు. మామగారు సగం ఇడ్లీ కూడా తినలేకపోయారు. "బాగుందమ్మా" అన్నారు పాపతో. రుచి తెలియని మనిషి ఆ మాట ఎందుకన్నారో నాకు తెలుసు.

ఆ తర్వాత ఇంకో రెండు మూడుసార్లు వెళ్ళామేమో. జబ్బు తిరగబెట్టి మళ్ళీ గుంటూరు ఆసుపత్రిలో చేర్చాం. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోయడం మొదలుపెట్టారు. ఇంకెప్పటికీ నోటితో తినడం ఉండదని డాక్టరు చెప్పినప్పుడు ఆయన తల ఊపారు, అంతే. మేం చూడ్డానికి వెళితే, మాట వచ్చిన రోజుల్లో ఆయన అడిగేది ఒకటే, "ఏం తిన్నారు?" నేను దాటెయ్యబోతే ఒప్పుకునేవారు కాదు. "తిన్నది చెప్పడానికి భయమెందుకమ్మాయ్? చెప్పు, వింటా" అనేవారు. కూరేం చేశానో, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేదాన్ని. కళ్ళు మూసుకుని వినేవారు. గోంగూరలో ఎండుమిరపకాయలు వేయించి వేశానని చెప్పిన రోజు ఆయన పెదవులు మెల్లగా కదిలాయి. నేను లేచి వరండాలోకి వచ్చేశాను.

కర్మకాండలన్నీ అయ్యాక పల్లె నుంచి ఒంగోలు బయలుదేరాం. ఇంటికి తాళం వేసి వస్తుంటే కల్లాల్లో ఎవరివో కాయలు ఎర్రగా ఎండుతున్నాయి. దారి పొడుగునా పాప కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. హైవే ఎక్కాక ఆకలేస్తోందంది. మావారు కారు ఆపారు. అది మాకు తెలియని హోటలు.

సర్వరు వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే పాప పక్క బల్ల వైపు చూపించి, "నాకు అది" అంది. పక్క బల్ల మీద ఎవరో పూరీ తింటున్నారు. మావారు నా వైపు చూశారు. ఇది చెప్పాల్సిన మనిషి కోసం నా చెయ్యి ఫోను దాకా వెళ్ళి ఆగిపోయింది.

పూరీ పొంగి వచ్చింది. కూర గిన్నెని పాప దూరంగా జరిపింది. చూపుడువేలితో పూరీకి చిన్న చిల్లు పెట్టింది. లోపలి ఆవిరి సన్నగా పైకి లేచింది. పూరీ మెల్లమెల్లగా కుంగి, ప్లేటుకి అంటుకుపోయింది. పాప వేలు ఊదుకుంటూ, ఆవిరంతా పోయేదాకా చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత అంచు నుంచి ఒక చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమలడం మొదలుపెట్టింది.