సా వదిలిన ఎడమ చెయ్యి

మద్దిలేటి గుంతకల్లు ఇంజన్ల షెడ్డులో బూడిద తోడే మనిషి. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవాడు. పందొమ్మిది వందల యాభై తొమ్మిది వేసవిలో అతడి మనసు ఒక కుర్చీ మీద పడింది. రైల్వే వాళ్ల క్లబ్బులో శనివారం డాన్సులకు పియానో వాయించే డిక్రూజ్ దొర ఆస్ట్రేలియా ఓడ ఎక్కబోతున్నాడు. ఆ కుర్చీ దొరికితే బూడిదగుంట తప్పుతుంది. అప్పటికే మద్దిలేటి దగ్గులో నల్లటి తెమడ పడుతోంది.

అడిగితే, నేర్చుకొమ్మని డిక్రూజ్ ఒక కాగితం ఇచ్చాడు. పాట వరస మాత్రమే ఉంది. పైన అక్కడక్కడ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు.

“పాటుండాది సరే, తక్కినదంతా యాడ దొరా?”

“తక్కినది నువ్వే. ఏ నాలుగు స్వరాలు కలిపి మోగించాలో ఆ అక్షరం చెప్తుంది, ఎలా పేర్చాలో చెప్పదు.”

మద్దిలేటి ఆ నాలుగు స్వరాలనూ ఎడమ చేత్తో పియానో కింది మెట్ల మీద ఒక్కసారిగా కుదేశాడు. గూడ్సు బండి దొర్లినట్టయింది. ఆ క్లబ్బులోనే పియానో పక్కన మనిషెత్తు ఫిడేలు మీటే ఫిట్టరు కుళ్ళాయప్ప పకపకా నవ్వినాడు.

“ఏమప్పా, నా సా గూడా నువ్వే మింగితే నేనేం తినల్ల?”

డిక్రూజ్ చెప్పింది అదే. మూలస్వరం, అంటే సా, ఫిడేలుది. నువ్వు దాన్ని వదిలి, మధ్యలోని రెండు స్వరాలే పట్టుకో, అవి చాలు.

చాలవు. ఈ కథ చెబుతున్న నేను మడకశిర సంతలో గొర్రెలకాపరులు ఒంటితీగ మీటుతూ పాడటం విన్నాను. తీగ ఆగితే పాటా ఆగుతుంది. కాశీ దాకా తిరిగాను, తంబురా లేకుండా గొంతెత్తిన గాయకుణ్ణి నేను చూడలేదు. సా వదలమంటే మద్దిలేటికి పునాది లేని గోడ కట్టమన్నట్టే. వద్దనుకున్నా చిటికెనవేలు దాని మీదికే పోయేది. చివరికి ఆ వేలిని పక్కవేలికి గుడ్డపీలికతో కట్టి సాధన చేశాడు.

“వేలికేమైంది?” అంది భార్య నల్లమ్మ.

“బుద్ధి నేర్పిస్తాండా.”

వేలు నేర్చుకుంది. పరీక్షగా ఒక శనివారం సాయంత్రం కుర్చీలో కూర్చోబెట్టారు. మొదటి పాట గాలిలో తేలినట్టు సాగింది. గోడకానుకున్న డిక్రూజ్ తల ఊపాడు. రెండో పాట నడుమ ఫిడేలు మెడ దగ్గర టప్పుమంది. ఆ ఏటి ఎండకు తలుపులే పగిలాయి, మెడను అతికించిన జిగురెంత? తీగలన్నీ వదులైపోయాయి.

“సా పట్టు మద్దిలేటీ!” అని కుళ్ళాయప్ప పళ్ల సందున అరిచినాడు.

వేలు కదిలింది, ఆగింది. దొర చూస్తున్నాడు. పాత అలవాటు పోలేదనుకుంటాడేమో! మద్దిలేటి ఆ రెండు స్వరాలే పట్టుకున్నాడు. డాన్సు చేసేవాళ్ల అడుగులు తడబడ్డాయి, ఒక జంట నిలబడిపోయింది, తర్వాత అందరూ. డిక్రూజ్ వెనక నుంచి వంగి తన వేలితో కింది మెట్టు నొక్కాడు. అప్పటికి ఆలస్యమైంది.

“ఫిడేలు ఉన్నప్పుడు కదా వదలమన్నాను!”

“మీరు చూస్తాండారని దొరా...”

ఆ కుర్చీకి హుబ్లీ నుంచి ఒకాయన వచ్చాడు. మద్దిలేటి సోమవారం మళ్ళీ బూడిదగుంటలోకి దిగినాడు. నల్లమ్మ కట్టిచ్చిన సద్ది మధ్యాహ్నం దాటినా విప్పకుండా గట్టు మీదే ఉంది.