పైపుకు అంటుకున్న నీలం రబ్బరు

2023 ఎండాకాలం. పుంగనూరులో మదనపల్లె రోడ్డు పక్కన నా మెకానిక్ షెడ్డు. ఆ ఏడు నా దగ్గరికొచ్చిన కుర్రాళ్ల బండ్లలో సగానికి ఒకటే రోగం. కంపెనీ సైలెన్సర్ పీకేసి బయట దొరికే చప్పుడు సైలెన్సర్ బిగించుకోవడం, పక్కనున్న ప్లాస్టిక్ కరిగాక నా మీదికి రావడం. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది తప్ప ఒక్కడూ వినలేదు.

కంపెనీ పైపు మీద హీట్ షీల్డ్ అని ఒక రేకు ఉంటుంది. పైపుకూ దానికీ మధ్య గాలి ఆడుతుంది కాబట్టి వేడి పక్కకు కొట్టదు. బయటి పైపులకు చాలావాటికి ఆ రేకు ఉండదు. దాంతో సైడ్ ప్యానెల్, అంటే సీటు కింద పక్కన మూసే ప్లాస్టిక్ డొప్ప, మెత్తబడి వంకర తిరుగుతుంది. రేకు కట్టాలి, స్పేసర్ అనే చిన్న గొట్టం వేసి పైపును బయటికి జరపాలి, డొప్ప లోపల అల్యూమినియం షీటు అతికించాలి. ఇంత అవస్థ కన్నా పాత సైలెన్సర్ పెట్టుకోవడం మేలు. ఆ మాటంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

మంజునాథ కూడా అలాగే వచ్చాడు. దగ్గర పల్లెలో పట్టుపురుగులు పెంచుతాడు. బండి వెనక వాళ్ల నాయన మునెప్పను, ఆయన ఒళ్లో పట్టుగూళ్ల మూటను పెట్టుకుని మదనపల్లె మార్కెట్టుకు పోయి వస్తుంటాడు. ఆ రోజూ ఇద్దరూ అక్కడి నుంచే వచ్చారు.

"సూడు బాషన్నా, ప్యానెల్ మళ్లా కరిగిపాయ. దోవంతా కాలిన వాసనే."

"కుప్పంలో కొన్న ఆ గొట్టం తీసి పారెయ్యప్పా అని పోయిన తూరే చెప్తిని గదా."

"సౌండు బాగుండాదన్నా. ఏందో ఒకటి అడ్డం పెట్టు, సాలు."

విసుక్కుంటూ కింద కూర్చుని ప్యానెల్ విప్పాను. అది నల్లగా కరిగి ఉంది. కానీ దానికి కాస్త వెనక, వెనక కూర్చున్నవాళ్ల కాలు ఉండేచోట, పైపుకు నీలం రబ్బరు అంటుకుని ఉంది. గీకి చూస్తే హవాయి చెప్పుది. తలెత్తితే బల్ల మీద కూర్చున్న మునెప్ప కాళ్లకు నీలం చెప్పులు.

"మునెప్పన్నా, పైపు మీద కాలు యాల పెడ్తాండావు? ఫుట్‌రెస్ట్ ఉండాది గదా?"

"మూట జారితే ఆ పైపుకు తగుల్తాదప్పా. గూళ్లకు వేడి తగిలితే లోపల పురుగు సచ్చి రంగు మారిపోతాది. కాలు అడ్డం పెట్టుకుంటే మూట మోకాలి మీద నిలుస్తాది."

"కాలలేదా?"

"నాకేం తెలీలేదే. సుగరొచ్చినాక ఆ కాలు మొద్దుబారిపోయిండాది."

చెప్పు విప్పమంటే మొహమాటపడ్డాడు. నేనే విప్పాను. అడుగు కరిగి చిల్లు పడింది. యా అల్లా! అరికాలు తోలు ఊడిపోయి పుండు చీము పట్టి ఉంది.

"నాయనా, చెప్పొద్దా?" అని అరిచాడు మంజునాథ.

"నొప్పుంటే గదరా చెప్పేది."

బండి షెడ్డులోనే పెట్టించి ఇద్దరినీ ఆటోలో మదనపల్లె ఆసుపత్రికి పంపాను. ఆ కాలు ఉంచుతారో తీసేస్తారో అని ఆ వారమంతా నాకు పని మీద మనసు నిలవలేదు.

చాలా రోజులకు మంజునాథ ఇంట్లో మూలపడేసిన పాత సైలెన్సర్ చంకన పెట్టుకుని వచ్చాడు. కాలు దక్కింది. బొటనవేలూ దాని పక్క వేలూ తీసేశారట. నేను పైపు బిగిస్తుంటే పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"ప్లాస్టిక్ కరిగిందని రెండు తూర్లు నీ కాడికొస్తిని గదన్నా. మా నాయన కాలు కాల్తాంటే ఒక్క తూరన్నా ఎనక్కి తిరిగి సూడకపోతిని."

ఏడ్చాడు. ఊరుకోప్పా అంటూ మిగిలిన బోల్టు బిగించాను.

అప్పటి నుంచి పైపు వేడి అని ఎవరొచ్చినా, వెనక ఎవరు కూర్చుంటారప్పా అని ముందు అడుగుతాను. పక్కనే ఉంటే చెప్పులు విప్పించి అరికాళ్లు చూస్తాను. ముసలోడికి చాదస్తం ముదిరిందని కుర్రాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. కరిగిన డొప్పకు బదులు కొత్తది తెప్పించి బిగిస్తాను. మునెప్ప వేళ్లు ఏ షాపు నుంచి తెప్పించేది?