బియ్యపు గింజంత సిపాయిలూ, నా కుడి కన్నూ

ఆషాఢ మాసం, ఆదివారం, మధ్యాహ్న భోజనాల తర్వాత. స్థలం: చూలైలో మా ఇంటి భోజనాల బల్ల. హాజరైనవారు: నేను, నా భార్య, ఆమె తమ్ముడు, పై వాటాలో ఉండే మిత్రుడు. హాజరైనా ఓటు హక్కు లేనివారు: ఇంగ్లీషు పదాతి దళం, సగం రంగు వేసినది.

డైరీలో ఇలాగే రాసుకున్నాను. నలుగురు కూర్చుంటే మినిట్స్ రాయాలనే అలవాటు ఉద్యోగంతో పాటు పోలేదు.

విషయం ఒక్కటే. నా కుడి కంటి శుక్లానికి మరునాడు ఆపరేషను. ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ ముఖానికి అలంకారం మాత్రమే. కుడి కంట్లో పెట్టే లెన్సు దూరపు చూపుకా, దగ్గర చూపుకా అన్నది పొద్దున వచ్చి చెప్పమంది డాక్టరమ్మ. నా కంటికి రెండూ కుదరవట. దూరానిది పెడితే కళ్లద్దాలతో పేపరు చదవచ్చు గాని, బొమ్మను ముక్కుకు ఆనించి చూసే చూపు పోతుంది. దగ్గరది పెడితే దూరానికి కళ్లద్దాలు పెట్టుకోవాలి. నేను పెట్టుకోనని నా భార్య నమ్మకం. నా అద్దాలు ఎప్పుడూ రంగు సీసాల మధ్యే దొరుకుతాయి.

పై వాటా మిత్రుడిది గుంటూరు వైపు. మేమిద్దరం వందవాసి యుద్ధాన్ని బల్ల మీద మళ్లీ మళ్లీ జరుపుతుంటాం. సీసపు సిపాయిలు, ఒక్కొక్కడు బియ్యపు గింజంత. రంగులు మేమే వేయాలి. ఆయన ఫ్రెంచి, నేను ఇంగ్లీషు. ఆ సంగతి ఆ రెండు దేశాలకూ తెలియదు. చరిత్రలో నా పక్షమే గెలిచింది, మా బల్ల మీద ఇంకా గెలవలేదు. అయినా నా సిపాయిలందరికీ ఇత్తడి గుండీలుంటాయి. అవి పెట్టగలిగేది హ్రస్వదృష్టి వల్లే. దేవుడు నాకిచ్చిన ఏకైక ప్రతిభ అది.

మొదట నా భార్య మాట్లాడింది.

"దూరందే పెట్టించుకోండి. పోయిన నెల వాషర్‌మెన్‌పేట్ పెండ్లిలో నేను ఈడ నిలబడుండా. ఈయన ఆడ ఇంకెవరో ఆమె దగ్గరికి పోయి, ఇంటికి పోదామా అనినారు. ఆమె మొగుడు పక్కనే ఉండాడు."

"చీర రంగు ఒకటే" అన్నాను.

"సిపాయి చొక్కాలో నాలుగు రకాల ఎరుపు తెలుస్తుంది. పెండ్లాం చీర తెలీదు!"

మిత్రుడు నా పక్షాన నిలుస్తాడనుకున్నాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఉన్నమాట చెబుతా అన్నగారూ, ఏమీ అనుకోకండి. ఇంతింత బొమ్మలకి గుండీలెవరు చూస్తారండీ? నిలబడి చూస్తే పైన నల్ల చుక్క, మధ్యలో ఎర్ర చుక్క, కింద తెల్ల చుక్క కనబడాలి. అంతే, సిపాయే. గుండీలన్నీ ఎరుపులో కలిసిపోయి మీవాళ్లు తుప్పు పట్టినట్టున్నారు."

బామ్మర్ది లేచి గుమ్మం దాకా వెళ్లి, అక్కడి నుంచి పరిశీలించాడు.

"ఎన్న బావా, ఏందిది, ఈడ నుంచి చూస్తే చింతపండు ఎండబెట్టినట్టుండాది."

"సైన్యాన్ని దగ్గర నుంచి చూడాలి" అన్నాను.

"శత్రువు కూడా అంత దగ్గరికి రాడు బావా!"

చేతులెత్తమన్నాను. దూరానికి మూడు, దగ్గరకు ఒకటి. నా అసమ్మతిని నేనే నమోదు చేసుకున్నాను.

సాయంత్రం వెలుతురుండగానే జెండా మోసేవాడికి గుండీలు పెట్టాను. తరువాత కుంచెలు కడిగి, మొనలు సరిచేసి, డబ్బాలో పెట్టి మూత వేశాను. ఆ డబ్బాను మా మిత్రుడికి ఇచ్చేయాలనుకున్నాను, ఆయన చుక్కలు పెట్టుకోవడానికి పనికొస్తాయని. ఇది నా రెండో రిటైర్మెంటు. మొదటిదానికి కనీసం దండ వేశారు. నా భార్య మాత్రం తొండియార్‌పేటలోని వాళ్ల అక్కతో ఫోనులో చాలాసేపు మాట్లాడింది.

మరునాడు ఉదయం ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది: "దూరమా, దగ్గరా?"

తీర్మానం తీర్మానమే కనుక "దూరం" అనబోయాను. నా భార్య అడ్డుపడింది.

"దగ్గరదే పెట్టండమ్మా."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను నా భార్య వైపు చూశాను.

"మా అక్క మొగుడికి దూరంది పెట్టినారంట. అప్పటి నించి సోఫాలో కూచోని, వంటింట్లో ఏ డబ్బాకి మూత సరిగా పెట్టలేదో ఆడ నించే చెప్తా ఉండాడంట. ఫ్యాను మీద దుమ్ము, మూలల్లో బూజు, ఏదీ వదలడంట. ఆయన మామూలు మనిషి. ఈయన డైరీ రాసే మనిషి. నాకొద్దమ్మా. సిపాయిల్నే చూసుకోనీండి."

డాక్టరమ్మ నవ్వాపుకుంటూ కాగితం మీద రాసుకుంది.

"మరి బస్సు నంబరో?" అన్నాను నెమ్మదిగా.

"నేను చూస్తా లేండి. ఎక్కమన్నప్పుడు ఎక్కండి, చాలు."

నర్సు వచ్చి తల పైకెత్తమని కంట్లో చుక్కలు వేసింది.